పాత ఇనుము

డ్యాష్‌బోర్డు మీద ఆ పసుపు లైటు వెలిగిన రోజు నుంచీ నా బండికి సత్తువ పోయింది. ఉయ్యూరు పక్కనున్న మా ఊరి నుంచి రోజూ బెజవాడ రైతుబజారుకు కూరగాయలు తోలే డీజిల్ పికప్ అది. కంకిపాడు దాటాక కూడా నలభై మించి లాగనంటోంది.

ఆటోనగర్‌లో ఒక కుర్ర మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూశాడు.

“డీపీఎఫ్ మూసుకుపోయిందన్నా. కొత్తది లక్ష పైమాటే. పీకేసి డైరెక్ట్ పైపు వేసేద్దాం, ఇంకో పదేళ్ళు చూసుకోనక్కర్లేదు.”

బీఎస్-6 నిబంధన వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ నుంచి, మా బండ్లకు ఈ డీపీఎఫ్ అనే ఫిల్టరు తగిలించి ఇస్తున్నారు. లోపల తేనెపట్టులాగా పింగాణీ గూళ్ళు. ఇంజను కక్కే మసి వాటిలో ఆగుతుంది. బండి హైవే మీద నిలకడగా పరుగెడితే, సుమారు 600 డిగ్రీల వేడికి ఆ మసి దానంతటదే కాలిపోతుంది. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు నా చెవిన పడింది లక్ష అన్న మాటొక్కటే.

బోల్టులు తుప్పుపట్టి రాకపోతే గ్యాసుతో ఎర్రగా కాల్చి విప్పాడు. ఫిల్టరు దించి నేలమీద పెట్టగానే నా చూపు దాని బ్రాకెట్ మీదకు పోయింది. నిరుడు గుంతలో పడి ఆ బ్రాకెట్ విరిగితే, మా ఊరి వెల్డరు మా నాన్న పాత కొడవలి ముక్క కోసి అతికించాడు. పళ్ళయినా అరగదీయలేదు. నాన్న పోయాక చూరులో చెక్కి ఉంచిన కొడవలి అది.

“ఆ ముక్కొకటి కోసివ్వరా తమ్ముడూ” అన్నాను.

“దానికోసం మళ్ళీ గ్యాసెందుకన్నా? మొత్తం పాత ఇనుము కింద మూడు వేలిస్తా, వదిలెయ్.”

వదిలేశాను. పైపుకీ, వెల్డింగుకీ, కంప్యూటర్‌లో సెట్టింగు మార్చినందుకూ కలిపి 18 వేలు తీసుకున్నాడు. లైటు ఆరింది. బండి కొత్తదానిలా లాగింది.

మర్నాడు తెల్లారగట్ల స్టార్ట్ చేస్తే గుప్పున నల్లటి పొగ. అప్పుడే వాకిట్లో ముగ్గేస్తున్న అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. రెండు నెలలయ్యేసరికి ఆమె దగ్గు రాత్రిళ్ళు కూడా వినబడేది. ఇంతలో పొల్యూషన్ పరీక్షలో బండి ఫెయిలైంది. చట్టప్రకారం పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. నిజం చెప్పాలంటే నాకు జరిమానాకన్నా ఆ దగ్గే భయమేసింది.

సెకండ్‌హ్యాండ్ ఫిల్టరు కోసం ఆటోనగరంతా గాలించాను. చివరికి ఒక కొట్టులో సరిగ్గా నా మోడల్‌ది దొరికింది, వెండి రంగు కొట్టి మెరిసిపోతోంది. “కొత్తదాని కిందే లెక్క” అన్నాడు. 45 వేలు. అప్పుచేసి కొన్నాను.

ఈసారి ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్ళాను. ఆయన టార్చిలైటు వేసి లోపలంతా చూశాడు.

“సరుకు దివ్యంగా ఉంది బాబూ. అసలు నీది ఎందుకు తీయించావు?”

“మూసుకుపోయిందన్నారండీ.”

“రోజూ హైవే మీద తిరిగే బండికి అంత తొందరగా ఎందుకు మూసుకుపోతుంది?” అంటూ కిందకు దూరి, ప్రెజర్ సెన్సార్‌కు పోయే సన్నటి రబ్బరు గొట్టం లాగి నా చేతిలో పెట్టాడు. గోరంత మేర చిట్లి ఉంది. “ఇదీ సంగతి. ఇది చిట్లితే సెన్సార్ లెక్క తప్పి, ఫిల్టరు బాగున్నా లైటు వెలుగుతుంది. మూడొందల రూపాయల గొట్టం.”

నాకు నోట మాట రాలేదు.

“సరేలే, అయిందేదో అయింది. ఆ బ్రాకెట్ కింద చెయ్యిపెట్టి కాస్త ఎత్తిపట్టు, బిగిస్తాను.”

ఎత్తిపట్టాను. వెండి రంగు కింద వరసగా సన్నటి పళ్ళు వేళ్ళకు గుచ్చుకున్నాయి.