ఓడ దిగే నాటి ఆదేశము: టీకా తాత్పర్య సహితము

మూలము

“అందరూ నాలుగున్నరకల్లా పడవ రేవులో ఉండాలి. ఓడ టైమే మన టైము, అమ్మా, ఫోను చూడకు. కార్డులు మెడలోంచి తియ్యొద్దు. నాన్నా, షాపుల్లో బేరాలాడకండి. నీళ్ళల్లో మోకాలి లోతు దాటొద్దు. ఫొటోలు రాత్రికి గ్రూపులో పెట్టండి.”

అవతారిక

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి గుడివాడ, బందరు, అవనిగడ్డ ప్రాంతాల నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు నయాగరా జలపాతమూ పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయమూ చూపించిన తరువాత కరిబియన్ సముద్రంలో విహార నౌక ఎక్కించడం ఇటీవలి కాలపు ఆచారం. పై వాక్యసముచ్చయాన్ని అటువంటి ఒక గుడివాడ కుటుంబంలోని కుమారుడు, మయామిలో బయలుదేరిన ఓడ గ్రాండ్ కేమన్ ద్వీపం ఎదుట లంగరు వేసిన జూన్ మాసపు ఉదయాన, ఒడ్డున దిగగానే, కుటుంబ వాట్సాప్ గ్రూపులో ప్రకటించాడు. ఛందస్సు లేదు కనుక ఇది గద్యమనీ, ప్రతి వాక్యమూ ఆజ్ఞాపిస్తున్నది కనుక ధర్మశాస్త్రమనీ చెప్పవచ్చు. పాటించనివారి గతి ఏమిటో ఇందులో చెప్పలేదు. తన తల్లి ఊహాశక్తి మీద కర్తకు ఉన్న నమ్మకమే అందుకు కారణమై ఉంటుంది.

టీక

“పడవ రేవులో”: ఓడలో అని గాని ఓడ దగ్గర అని గాని అనకుండా పడవ రేవు అని ఎందుకన్నాడని శంక. గ్రాండ్ కేమన్ ముఖ్యపట్టణమైన జార్జిటౌనులో విహార నౌకలు ఆనే రేవు లేదు. ఓడ సముద్రంలోనే నిలిచిపోగా చిన్న పడవలు మనుషులను విడతలు విడతలుగా ఒడ్డుకు చేరుస్తాయి, సాయంత్రం అలాగే తిరిగి తెస్తాయి. కనుక యాత్రికునికి గడువు ఓడ కదిలే వేళ కాదు, ఆఖరి పడవ విడిచే వేళ. బందరు చరిత్ర తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తది కాదు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకానికి దిగినప్పుడు, తీరం మెరక కావడం వల్ల వారి పెద్ద ఓడలు దూరాన నిలిచిపోతే, సరుకునూ మనుషులనూ పడవలే మోశాయి. జార్జిటౌనులో ఓడలు ఆనే రేవు కట్టాలా అని 2025 ఏప్రిల్ 30న ఓటు పెడితే అక్కడి ప్రజలు వద్దన్నారు. ఓడరేవు కోసం 2008, 2019, 2023 సంవత్సరాలలో మూడు శంకుస్థాపనలు చూసిన బందరువారికి ఈ నిరాకరణ మింగుడుపడటం కష్టం. పడవలోకి అడుగు వేయడానికి కోడలు చేయి అందించబోగా, నాగాయలంక పక్కన ఎదురుమొండి దీవికి పంటు మీద దాటిన అనుభవం గల మామగారు అవసరం లేదన్నారని సంప్రదాయం.

“నాలుగున్నరకల్లా... ఓడ టైమే మన టైము”: ఈ గ్రంథంలో కఠినమైన ఘట్టం ఇదే. కేమన్ దీవులలో ఏడాది పొడవునా ఒకే కాలం నడుస్తుంది. మయామిలో మాత్రం వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. కొన్ని ఓడలు దిగే ద్వీపపు కాలానికి తమ గడియారాలను మార్చుకుంటాయి, కొన్ని బయలుదేరిన రేవు కాలాన్నే పట్టుకుని ఉంటాయి. ప్రస్తుత నౌక రెండవ జాతిది. ఫోను మాత్రం ఒడ్డున అడుగుపెట్టగానే అక్కడి టవరును నమ్మి, ఎవరికీ చెప్పకుండా ఒక గంట వెనక్కు జరుగుతుంది. అందువల్ల ఫోనులో మూడున్నర అయినప్పుడు ఓడలో నాలుగున్నర అవుతుంది, ఇంకా గంట ఉంది కదా అని నీడన కూర్చున్న తల్లికి ఆఖరి పడవ కనిపించదు. ఇదే కుటుంబం డిసెంబరులో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి బయలుదేరి ఉంటే లెక్క తిరగబడి, ద్వీపకాలమే ఒక గంట ముందుండి, అందరూ గంట ముందుగా వచ్చి ఎండలో నిలబడేవారు. ఆదేశమొకటే అయినా ఋతువును బట్టి, రేవును బట్టి ఫలం మారుతుందని గ్రహించాలి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. తండ్రి చేతి గడియారం గుడివాడలో బయలుదేరిన నాటి నుంచి మార్చబడలేదు. ఓడ కాలం సాయంత్రం నాలుగున్నర అయితే భారత కాలం సరిగ్గా రాత్రి రెండు గంటలు. టవర్లతోను, వేసవితోను, ఓడ కప్తానుతోను నిమిత్తం లేని ప్రమాణం, అనగా నమ్మదగిన జ్ఞానసాధనం, ఆ కుటుంబంలో అదొక్కటే. కర్త దానిని పేర్కొనకపోవడం గ్రంథలోపమని కొందరంటారు. పంచాంగం చూసే ఆయనకు గుడివాడ సూర్యుడికీ ఆ గడియారానికీ కూడా ఆరు నిమిషాల తేడా ఉందని తెలుసు. అయినా పడవవాడు సూర్యుణ్ణి అడగడు.

“కార్డులు మెడలోంచి తియ్యొద్దు”: కార్డు అనగా ఓడవారు ఇచ్చే గుర్తింపు బిళ్ళ. గది తలుపు తెరిచేదీ, ఓడలో డబ్బుకు బదులు చెల్లేదీ, దిగినవారెవరు, తిరిగి ఎక్కినవారెవరు అని లెక్క చెప్పేదీ అదే. మెడలోనే ఎందుకు అంటే, తండ్రి విలువైన సమస్తాన్నీ చొక్కా లోపలి బనీను జేబులో పెట్టుకునేవాడు కావడం వల్లనూ, సముద్రస్నానంలో ఆ జేబు కూడా మునుగుతుంది కావడం వల్లనూ అని సమాధానం. పుస్తెల తాడుతో చిక్కుపడుతున్నదన్న తల్లి ఆక్షేపణను కర్త వినలేదు. పాస్‌పోర్టులు గదిలోనే భద్రంగా ఉన్నాయి. తిరిగి మయామిలో దిగడమంటే అమెరికాలో మళ్ళీ ప్రవేశించడమే గనుక, వీసా ఒక్కసారికి మాత్రమే చెల్లేదైతే ఈ గ్రంథమే పుట్టేది కాదు.

“బేరాలాడకండి”: కేమన్ డాలరు అమెరికా డాలరు కంటె పెద్దది, అధికారిక మారకంలో ఒకటికి 1.20, దుకాణాలలో సాధారణంగా 1.25. ధరల చీటీ మీద 40 అని చూసి, అది అమెరికా డాలర్లనుకొని, గుడివాడ నెహ్రూ చౌక్‌లో సాధించిన నేర్పుతో 36కు దించి, చివరకు 45 చెల్లించి విజయగర్వంతో బయటికి వచ్చిన తండ్రిని దృష్టిలో పెట్టుకొని ఈ నిషేధం పుట్టింది. ఉచితంగా చేతికిచ్చే రమ్ కేకు ముక్క ఈ నిషేధం కిందికి రాదు, ఎందుకంటే అందులో బేరం లేదు. అందులో గుడ్డూ మద్యమూ రెండూ ఉన్నవనీ, ఆనాడు శనివారమనీ తల్లికి తెలిసేటప్పటికి ముక్క అయిపోయింది. దీనికి ప్రాయశ్చిత్తం ఏ గ్రంథంలోనూ దొరకదు.

“మోకాలి లోతు”: ద్వీపానికి ఉత్తరపు వైపున ఒక ఇసుక మెరక మీద, నడుము లోతు నీళ్ళలో, టేకు చేపలు మనుషుల కాళ్ళ మధ్య తిరుగుతాయి. వెనుకటికి జాలరులు అక్కడ చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారవేయడం వల్ల అవి మరిగాయి. నేడు వాటిని చట్టం రక్షిస్తున్నది. వాటిని ఎత్తి పట్టుకుని ఫొటోలు దిగేవారిని చూసి, పులుసుకు పనికొచ్చే వస్తువును ముద్దాడటమేమిటని కృష్ణా తీరవాసులు ఆశ్చర్యపోవడం సహజం. ఇక స్నానం మాట. మంగినపూడిలో కార్తిక పౌర్ణమికి, హంసలదీవిలో మాఘ పౌర్ణమికి మునిగేవారు, పర్వం కాని రోజున సముద్రాన్ని తాకవచ్చునా అని సందేహిస్తారు. అమెరికా పురోహితులు సంకల్పంలో ఆ ఖండాన్ని క్రౌంచద్వీపం అంటారు. మయామికి దక్షిణాన ఉన్న ఈ దీవి దానిలోకి వస్తుందా అని తండ్రి అడిగిన ప్రశ్నకు కర్త జవాబివ్వక సన్‌స్క్రీన్ అందించాడు.

తాత్పర్య నిర్ణయము

ఒక గ్రంథపు తాత్పర్యాన్ని తేల్చడానికి మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పారు. వాటిలో మొదటిది ఉపక్రమోపసంహారాల ఏకత, అనగా మొదట చెప్పినదీ చివర చెప్పినదీ ఒకటి కావడం. రెండవది అభ్యాసం, అనగా ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పడం. “నాలుగున్నర” అన్న మాటను కర్త ఒడ్డున మరి ఎన్నిసార్లు అన్నాడో కోడలు లెక్కపెట్టడం మానివేసింది కనుక, తిరిగి రావడమే ఇక్కడ విధి, అనగా చేయించే ఆజ్ఞ. సముద్రపు నీలిమ, తెల్లని ఇసుక, టేకు చేపలు మొదలైనవన్నీ ఆ విధిని ఆకర్షణీయం చేసే అర్థవాదాలు మాత్రమే. ఓడవారి ద్వారా టూరు కొన్నవారి కోసం ఓడ ఆగుతుంది, బయట చవకగా మాట్లాడుకున్నవారి కోసం ఆగదు. ప్రస్తుత కుటుంబం బయట మాట్లాడుకున్నది.

తిరిగి రావడం ఇంత నొక్కి చెప్పదగిన సంగతేనా అని పూర్వపక్షం, అనగా ఎదుటివారి వాదం. అవుననే సిద్ధాంతం. ఈ సముద్రంలోకి తెలుగువారు టిక్కెట్టు కొని రావడం ఇటీవలి మాట. 1845లో మద్రాసు నుంచి బ్రిటిష్ గయానాకు, 1853 మే నెలలో ఫ్రెంచివారి ఓరేలీ ఓడ మార్టినిక్‌కు మొదటి కూలీలను చేర్చిన తరువాత, ఆ దారిన వెళ్ళినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వారి ఒడంబడిక ఒక పూటకు కాదు, ఏళ్ళకు. తిరుగు ప్రయాణం కాగితం మీద ఉన్నా చాలామంది చెరకు తోటలలోనే ఉండిపోయారు. వారికి నాలుగున్నర అని చెప్పినవారు లేరు.

మిగిలింది “ఫొటోలు రాత్రికి గ్రూపులో పెట్టండి” అన్న చివరి వాక్యం. ఇది కర్తదే అయితే ఉపసంహారం ఉపక్రమంతో పొసగక తాత్పర్యమే తారుమారవుతుంది. కనుక ఇది ప్రక్షిప్తమని, అనగా ఇతరులు చేర్చినదని, గుడివాడలో ఉన్న కుమార్తె అన్న చేత రాయించిందని ఒక పక్షం. ఓడలో ఇంటర్నెట్టుకు వేరే డబ్బు కట్టాలి, కర్త కట్టలేదు గనుక ఆ రాత్రి ఏ ఫొటో వెళ్ళే వీలు లేదని వీరి హేతువు. ఆ వాక్యమే అసలు విధి, మిగిలినదంతా దానికి అంగమని తల్లి పక్షం. మయామిలో దిగిన ఉదయం గ్రూపులోకి వచ్చిన నూట పద్నాలుగు ఫొటోలను ఆమె సాక్ష్యంగా చూపుతుంది, వాటిలో తొంభై ఆమెవే.