ఏ క్లాసు పుస్తకమండీ?

రోల్‌ప్లేయింగ్ గేమ్ పుస్తకం పైకి నవలలాగే ఉంటుంది. అట్ట మీద డ్రాగన్, దానికి ఎదురుగా కత్తి దూసిన వీరుడు, లోపల రంగు రంగుల బొమ్మలు. కథ మాత్రం ఉండదు. కథకు కావలసిన సామాను ఉంటుంది. భోజనానికని వెళ్తే వంటవాడు సరుకుల చీటీ చేతిలో పెట్టినట్టన్నమాట. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి తలా ఒక వేషం ఎంచుకుంటారు. ఒకరు సూత్రధారి. 'గుహ ముందుకొచ్చారు, లోపల్నుంచి గురక వినిపిస్తోంది, ఏం చేస్తారు?' అని ఆయన అడుగుతాడు. చేసేదేదో నోటితో చెప్పాలి. అది కుదిరిందో బెడిసిందో పాచిక తేలుస్తుంది. ఈ తరహాలో అచ్చయి అమ్మకానికి వచ్చిన మొదటి ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చారు.

ఇలాంటి పుస్తకాన్ని మాంత్రికుల కథలు చదివేవాడికి కానుకగా ఇవ్వాలని ఎవరికైనా తోచడం సహజమే. తెనాలిలో అయితే మరీ సహజం. 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి 'చందమామ' మొదలుపెట్టిన చక్రపాణి తెనాలివారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను చూసుకున్న కొడవటిగంటి కుటుంబరావు పుట్టిందీ అక్కడే. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు చూస్తూ పెరిగిన తరానికి డ్రాగన్ అంటే భయమూ లేదు, గౌరవమూ లేదు. పైగా బేతాళ కథలు దాదాపు ఇదే ఆట. తెలిసీ జవాబు చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు తిరిగినా ఓడిపోయే నియమాలు. ఆటగాడు ఒక్కడే, సూత్రధారి శవం.

చిక్కు ఎక్కడంటే, పాఠకుడు వేరు, ఆటగాడు వేరు. బాపట్లలో మేడ మీద నులకమంచం వాల్చుకుని, అన్నానికి పిలిచినా పలకకుండా అయిదు వందల పేజీల నవలలో మునిగినవాడికి కావలసింది ఏకాంతం. ఈ పుస్తకానికి కావలసింది జనం. నలుగురికీ ఒకే ఆదివారం ఖాళీ దొరకడమంటే డ్రాగన్ని చంపడం కంటే కష్టం. ఒకడికి ట్యూషన్, ఒకడికి పెళ్లి, ఇంకొకడు వస్తానని రాడు. కాబట్టి కొనేవాడు అడగవలసిన మొదటి ప్రశ్న, కుర్రాడికి ఏ రచయిత ఇష్టమని కాదు, స్నేహితులెంతమందని.

వేషం కట్టడం ఈ ఊళ్లకు కొత్త కాదు. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మీసం మొలిచిన మనిషి సత్యభామ అయితే మెచ్చుకున్న నేల మీద, డిగ్రీ చదివే కుర్రాడు మరుగుజ్జు పూజారి అయితే ఎవరూ తప్పు పట్టరు. తేడా అల్లా పద్యం బాగుంటే నాటకంలో వన్స్‌మోర్ ఉంటుంది. ఇక్కడ పాచిక మీద ఒకటి పడితే ఎంత గొంతెత్తి పాడినా లాభం లేదు.

స్నేహితులు నలుగురికి తక్కువ కాకుండా ఉన్నారని తేలితే ఎంపిక సులువే. స్టార్టర్ సెట్ అనే పెట్టె కొనాలి. 2014లో వచ్చినదానిలో సిద్ధం చేసిన 5 పాత్రలు, 32 పేజీల నియమాలు, ఒక సాహసగాథ, 6 పాచికలు ఉండేవి. చాలామంది పెట్టె చిన్నదిగా ఉందని మొహమాటపడి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కొంటారు. 2024 ముద్రణ 384 పేజీలు. అక్కడితో అయిపోదు. సూత్రధారికి ఇంకొకటి, రాక్షసులకు ఇంకొకటి, మొత్తం మూడు. పైగా 2014 నాటివీ 2024 తర్వాతివీ పేర్లు ఒకటే, నియమాల్లో తేడాలున్నాయి. ఇంటర్ పిల్లవాడికి పాత సిలబస్ గైడు కొనిచ్చిన మేనమామకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

కొట్లో అడిగితే మరో తిరకాసు. "ఏ క్లాసు పుస్తకమండీ?" అంటాడు కొట్టాయన. ప్రశ్న సరైనదే. ఆ హ్యాండ్‌బుక్‌లో 12 క్లాసులు ఉన్నాయి, ఫైటర్, విజార్డ్, రోగ్ వగైరా. ఒక్కోదానికి 20 లెవెళ్లు. పదో క్లాసు దాటిన సంగతులు ఇద్దరికీ వేర్వేరుగా అర్థమై, చివరికి ఆన్‌లైన్లో తెప్పించుకోవడమే మేలని తేలుతుంది.

స్నేహితులు లేరా? అప్పుడు రాక్షసుల పుస్తకమే శ్రేష్ఠం. మాన్‌స్టర్ మాన్యువల్ మొదటిసారి 1977లో వచ్చింది. అకారాది క్రమంలో భూతాలు, ఒక్కోదానికి బొమ్మ, స్వభావం. ఆట ఆడకపోయినా నిఘంటువులా చదువుకోవచ్చు. మన రాక్షసుడు కూడా అందులో ఉన్నాడు, కాకపోతే పులి తల పెట్టి, అరచేతులు వెనక్కి తిప్పారు. కోరలూ కొమ్ములూ పద్ధతిగా ఉండే రాక్షసుల్ని చూసిన పాఠకుడు ఆ పేజీ దగ్గర కచ్చితంగా ఆగి, ఇంట్లో అందరికీ చూపించి, అమెరికావాళ్లను తిడతాడు. కానుకకు అంతకంటే సార్థకత ఏముంది?

ఒంటరివాడికి ఇంకో దారి గేమ్‌బుక్. స్టీవ్ జాక్సన్, ఇయన్ లివింగ్‌స్టన్ రాసిన 'ది వార్లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్' 1982లో వచ్చింది. 400 ఖండికలు, ఎడమకు వెళ్తే ఒక నంబరు, కుడికి వెళ్తే ఇంకొకటి. రెండు మామూలు పాచికలు, పెన్సిలు, రబ్బరు చాలు. చచ్చిపోతే వెనక్కి రావడానికి పేజీలో వేలు పెట్టుకోవడం నియమాల్లో లేదు గానీ ఆడినవాళ్లంతా పెట్టుకున్నవాళ్లే. షాన్ టామ్‌కిన్ ఆట 'ఐరన్‌స్వోర్న్' (2018) కూడా ఒక్కరే ఆడుకోవచ్చు. అందులో అసలు పని శపథాలు పట్టడం, నెరవేర్చడం. భీష్ముడు తెలిసినవాడికి నియమాలు సగం వచ్చినట్టే. అయితే దాని డిజిటల్ ప్రతి ఉచితం. ప్రింటు తీయించి స్పైరల్ బైండింగుతో ఇస్తే పుచ్చుకున్నవాడు ప్రాజెక్టు రిపోర్టనుకునే ప్రమాదం ఉంది.

పాచికల గురించి పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిది. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా 1974దే, ఈ ఆట పుట్టిన ఏడే. తలుపు వేసుకుని అయిదుగురు కుర్రాళ్లు గుండ్రంగా కూర్చుని పాచికలు గలగలలాడిస్తుంటే వీధిలో ఏమనుకుంటారో ఊహించవచ్చు. పోయేవి బంగారు నాణేలే, అవీ కాగితం మీద.

సూత్రధారికి గుహలూ నిధులూ కల్పించే ఓపిక లేకపోతే తెనాలి–రేపల్లె లైన్లో భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్విస్తే రాతి పేటికలు, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు, లోపల స్ఫటిక భరిణెలు బయటపడ్డాయి. ఏ రచయిత అయినా ఇంతకంటే ఏం కల్పిస్తాడు?

ఆ లైన్లోనే ప్యాసింజరు బండిలో కూర్చుని ఆట మొదలుపెట్టేవాళ్లకు ఒక లెక్క. యుద్ధంలో ఒక రౌండంటే ఆట కాలంలో 6 సెకన్లు. ఎవరు ముందు కొట్టాలి, ఎవరికి తగిలింది అనే వాదనలతో ఒక్కో రౌండు పావుగంటైనా పడుతుంది. తెనాలిలో కత్తి దూసినవాడు రేపల్లె చేరేసరికి అర నిమిషం కూడా పోరాడి ఉండడు. ఈలోగా కుదుపుకి ఇరవై ముఖాల పాచిక సీటు కిందికి దొర్లుతుంది. రేపల్లెతో లైను ఆగిపోతుంది కాబట్టి, వంగి వెతుక్కోవడానికి కావలసినంత తీరిక.