ఏమీ చేయని నాబ్

ఇంట్లో ఓ మైకు, ఓ ఆడియో ఇంటర్‌ఫేస్, ఓ జత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు రికార్డు చేసుకునే నాలాంటి వాళ్ళందరికీ ఒక జబ్బుంటుంది. పాట గురించి కన్నా పాటని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ గురించే ఎక్కువ మాట్లాడతాం. సినిమా హీరోల అభిమానులు ఎలా కొట్టుకుంటారో మేమూ అంతే. 1989లో అటారీ కంప్యూటర్ మీద పుట్టిన క్యూబేస్‌ది ఒక జట్టు. 1991లో వచ్చిన ప్రో టూల్స్‌ది ఇంకో జట్టు. పెద్ద స్టూడియోల్లో తమదే రాజ్యమని వాళ్ళ ధీమా. నాది రీపర్ జట్టు. విన్‌యాంప్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ మొదలుపెట్టాడు. 60 రోజులు ఊరికే వాడుకోవచ్చు, ఆ తర్వాత సొంతానికి వాడుకునేవాళ్ళు 60 డాలర్లు కట్టాలి. కట్టకపోయినా తలుపు మూయదు. ఎన్ని రోజుల నుంచి ఊరికే వాడుతున్నావో తెరిచినప్పుడల్లా గుర్తుచేస్తుంది, అంతే. ఆ అంకె వేలల్లోకి వెళ్ళినవాళ్ళు దాన్ని ఫొటో తీసి నలుగురికీ చూపించుకుని మురిసిపోతుంటారు. నేను డబ్బు కట్టేశాను. కట్టినందుకు మిగతా అందరికీ పాఠాలు చెప్పే హక్కు కూడా వచ్చేసిందనుకున్నాను.

నా అసలు గర్వం నా చెవుల మీద. క్యూబేస్‌లో మిక్స్ చేస్తే సౌండు పలచగా ఉంటుందని, రీపర్‌లో అయితే చిక్కగా వస్తుందని ఎవరడిగినా అడక్కపోయినా చెప్పేవాణ్ణి. నిజానికి ట్రాకుల్ని కలపడమంటే కంప్యూటర్‌కి కూడిక లెక్క. రెండూ రెండూ ఏ సాఫ్ట్‌వేర్‌లో కలిపినా నాలుగే. పాన్ చేసేటప్పుడు, అంటే సౌండుని ఎడమకో కుడికో జరిపేటప్పుడు, మధ్యలో ఎంత తగ్గించాలన్న పద్ధతి ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొన్ని ట్రాకులు కాస్త పెద్దగానో చిన్నగానో వినిపిస్తాయి. ఆ ఒక్క సెట్టింగూ సరిచేస్తే తేడా మాయం. ఈ సంగతి మా బృందంలో ఉన్న కీబోర్డు కుర్రాడు ఎంతో ఓపికగా చెప్పాడు. నేను వినలేదు. ‘లెక్కలు వేరు, చెవి వేరు’ అన్నాను. వాడు ఆ రోజు ఇంకేమీ మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోయాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

కొన్నాళ్ళకి ఫోన్ చేశాడు. “అన్నా, ఒక ప్లగిన్ దొరికింది. నీకొక్కడికే పంపిస్తున్నా, బయట ఎవరికీ ఇవ్వకు” అన్నాడు. ప్లగిన్ అంటే సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకుని సౌండుని మార్చుకునే చిన్న ప్రోగ్రాం. దీని పేరు ‘వడపళని 73’. మన తెలుగు పాటలు మద్రాసులో రికార్డయిన రోజుల నాటి కన్సోల్ నాదాన్ని పట్టి చేసిందట. తెరిచి చూస్తే రెండే నాబ్‌లు. ఒకదాని మీద ‘వాల్వు వేడి’, రెండోదాని మీద ‘టేపు వయసు’. ఆ పేర్లు చదవగానే నా గుండె కరిగిపోయింది. చిన్నప్పుడు రేడియోలో విన్న పాటలన్నీ ఆ రెండు నాబ్‌ల వెనకాలే దాక్కుని ఉన్నాయనిపించింది.

ఇక చూడండి నా సంబరం! ముందు గొంతు మీద వేశాను, వాల్వు వేడి కొంచెం తిప్పాను, ఆహా, కింది స్వరాలు నిండాయి. ఇంకొంచెం తిప్పాను, గొంతు ముందుకొచ్చి కూర్చుంది. మరీ తిప్పితే ముదిరింది, వెనక్కి తెచ్చాను. తబలా మీద వేశాను, వేణువు మీద వేశాను, చివరికి మొత్తం పాట మీద వేశాను. భక్తిగీతం పాడటానికి వచ్చినావిడకి హెడ్‌ఫోన్స్ పెట్టి, “ఇప్పుడు వినండమ్మా, మీ గొంతులో ఆ తీపి తెలుస్తోందా?” అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని విని, “అవునండీ, ఇప్పుడే బాగుంది” అంది. అంతే, నన్నెవరూ ఆపలేకపోయారు. నాబ్ ఏ పాటకి ఎక్కడ ఉంచాలో పేజీలకి పేజీలు రాసి మిత్రులందరికీ పంపాను. ‘నాకైతే తేడా ఏమీ తెలియలేదు’ అన్న ఒక పెద్దాయనకి, నలభై ఏళ్ళుగా స్టూడియోల్లో పనిచేసిన సౌండ్ ఇంజనీరుకి, మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోమని సలహా ఇచ్చాను! ఆయన నవ్వి ఊరుకున్నాడు. తర్వాత కుర్రాడు రెండో వెర్షన్ పంపాడు. అది మొదటిదాన్ని తలదన్నింది. ‘ఇందులో గాలి ఎక్కువుంది’ అని ప్రకటించాను.

ఓ సాయంత్రం అందరం కలిసినప్పుడు కుర్రాడు నా కంప్యూటర్ ముందే కూర్చుని ఆ ప్లగిన్‌ని తెరిచాడు. రీపర్‌లో జెఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే పద్ధతి ఉంది. ఆ ప్లగిన్లు మామూలు అక్షరాల్లో రాసుంటాయి, ఎవరైనా ఎడిట్ నొక్కి చదువుకోవచ్చు. అందులో ఉన్నవి: ఒక వరుసలో పేరు, తర్వాత రెండు వరుసల్లో రెండు నాబ్‌ల పేర్లు. ఇంకేమీ లేదు. సౌండుని ముట్టుకోమని చెప్పే మాట ఒక్కటీ లేదు. లోపలికొచ్చిన సౌండు వచ్చినట్టే బయటికి పోతుంది. నాబ్‌లు తిరుగుతాయి, ఊరికే తిరుగుతాయి. రెండో వెర్షన్‌లో మాత్రం ఒక చిన్న ముక్క కలిపాడు: వచ్చిన సౌండుని 1.06తో గుణించమని. అంటే సుమారు అర డెసిబెల్ పెంచమని. నేను విన్న ‘గాలి’ అదే.

నమ్మలేదు నేను. అక్కడే నల్ టెస్ట్ చేశాను. ఒకే పాటని రెండు ట్రాకుల్లో పెట్టి, ఒకదానికి పోలారిటీ తిరగేసి, రెంటినీ కలిపి వినిపిస్తే, రెండూ అచ్చంగా ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. ఒక ట్రాకు మీద మొదటి ‘వడపళని’ పెట్టాను. వాల్వు వేడి ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాను. టేపు వయసు తిప్పాను. మీటరు కదల్లేదు. గదిలో అందరూ నా మొహమే చూస్తున్నారు. చెవుల దాకా ఎర్రబడ్డాను. ముందు కోపమొచ్చింది, అది నిజం. కాసేపటికి నవ్వొచ్చింది. పెద్దాయన దగ్గరికెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన భుజం తట్టి, “మా కాలంలో నిర్మాతల కోసం కన్సోల్ మీద ఇలాంటి ఫేడర్ ఒకటి ఉంచేవాళ్ళం, బాబూ” అన్నాడు. ఏ తీగకీ కలపని ఫేడర్ అది. ‘ఇంకాస్త పెంచు’ అని సతాయించేవాళ్ళ ముందు దాన్ని కాస్త పైకి జరిపితే చాలు, ‘ఇప్పుడు కుదిరింది’ అని సంతోషంగా వెళ్ళేవాళ్ళట. ఇలాంటి ఉత్తుత్తి ఫేడర్ల కథలు ప్రపంచంలో ఏ ఊరి స్టూడియోలోనైనా వినిపిస్తాయి.

నా తప్పుని తేలిక చేసుకోవడానికి కాదు గానీ, ఈ బలహీనత నా ఒక్కడిదే కాదు. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో అచ్చేసిన ప్రయోగంలో, హై రిజల్యూషన్ ఆడియోనీ, దాన్నే సీడీ నాణ్యతకి దించిన ఆడియోనీ ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 సార్లలో సరైన జవాబు వచ్చింది 276 సార్లు. బొమ్మాబొరుసూ వేసినా అంతే వస్తుంది. అర డెసిబెల్ మాయకీ కారణం ఉంది. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు: సౌండు తగ్గితే చెవికి బేస్ త్వరగా తగ్గిపోతుంది, పెరిగితే నిండుగా వినిపిస్తుంది. కొంచెం పెద్దగా వినిపించేది చాలాసార్లు కొంచెం మెరుగ్గానే అనిపిస్తుంది. పైగా తిప్పింది నా చెయ్యి, నాబ్ మీద ఉన్నది నాకిష్టమైన పేరు. చెవి ఒక్కటీ పాపం ఏం చేస్తుంది?

మీ బృందంలో ఇలాంటి కుర్రాడుంటే వాడి మీద కోపం పెట్టుకోకండి. వాడి అల్లరి వల్ల డబ్బు మిగులుతుంది, స్నేహమూ మిగులుతుంది. ఎవరైనా రెండు ఫైళ్ళు పంపి ఏది బాగుందని అడిగితే, ముందు రెంటి వాల్యూమూ సమం చేయండి, పేర్లు కనపడకుండా ఇంకొకరి చేత వినిపించుకోండి. తేడా తెలియకపోతే తెలియలేదనే చెప్పండి.