ఫంక్షన్ హాలు పర్వం

కావ్యం అనిపించుకోవాలంటే పద్దెనిమిది వర్ణనలు ఉండి తీరాలని ఆలంకారికులు ఏనాడో పట్టీ రాసి ఇచ్చారు. నగరం, సముద్రం, పర్వతం, చంద్రోదయం, జలక్రీడ, మధుపానం, మంత్రాలోచన, యుద్ధం, ఇలా సాగుతుందది. బార్కాస్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో ఆదివారం రాత్రి జరిగిన ఎంఎంఏ పోటీలను పాడబోయే కవిని ఈ పట్టీ ఏమీ ఇబ్బంది పెట్టదు. సముద్రం లేకపోయినా మూసీ ఉంది. అవసరమైతే సముద్రం కాగలనని 1908 సెప్టెంబరులో చూపించింది, మళ్ళీ చూపించమని ఎవరూ అడగరు. పర్వతానికి ఫలక్‌నుమా కొండ ఉంది. చంద్రోదయం సంగతంటారా, కరెంటు పోయి జనరేటర్ అందుకున్న క్షణాన ఎల్‌ఈడీ దీపాలు ఒక్కసారిగా వెలిగితే ఆరువందల చకోరాలు సెల్‌ఫోన్లు పైకెత్తాయి. మధుపానం దగ్గర మాత్రం రాజీ పడాలి. ఇరానీ చాయ్.

నగర వర్ణన సంగతి చూద్దాం. 1591లో వెలసిన చార్మినార్‌కు మొక్కి దక్షిణంగా బయలుదేరితే శాలిబండ, అలియాబాద్, చాంద్రాయణగుట్ట దాటాక బార్కాస్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో సైనికులుగా చేరిన అరబ్బుల వారసులు ఉండే పేట. ఊరంతా వాళ్ళని చావుష్‌లంటుంది. జామకాయలకీ, మందీ పళ్ళేలకీ, పైల్వాన్లకీ పేరుపడ్డ చోటు. ఇక్కడ యుద్ధమన్నది కొత్త సరుకు కాదు, కొత్త ప్యాకింగులో వచ్చింది, అంతే.

ఆ హాలుని చూసిన కవికి విరాటపర్వం గుర్తుకు రాకపోతే ఆయన కవి కాడు. భీముడు కీచకుణ్ణి ఎక్కడ చంపాడు? నర్తనశాలలో. ఇక్కడా అంతే. వేదిక మీద నిన్నటి వధూవరుల బంగారురంగు సోఫాలు అలాగే ఉన్నాయి, థర్మోకోల్ హంసలు అలాగే ఉన్నాయి. వాటి ముందు, బరాత్ వచ్చి ఆగే చోట, ఎనిమిది మూలల ఇనుపవల పంజరం. పద్మవ్యూహంలోకి వెళ్ళడమే తప్ప బయటికి రావడం అభిమన్యుడికి తెలియదు. ఈ వ్యూహానికి తలుపుంది, తలుపుకి గడియ ఉంది, గడియకి కాపలాగా జేబులో దువ్వెన పెట్టుకున్న ఒక కుర్రవాడున్నాడు. జయద్రథుడు కూడా ఇంత శ్రద్ధగా కాపలా కాసి ఉండడు.

రణభేరి బదులు మర్ఫా. వీరుడు నడిచి వస్తుంటే పెళ్ళికొడుకుని తెచ్చినట్టే మోగించారు. తాళానికి లొంగి ఒక వీరుడు రెండడుగులు చిందేసి, కోచ్ చూపు తగలగానే మళ్ళీ కాలరుద్రుడయ్యాడు. సగంమంది తలకట్టు చూస్తే సినిమా ప్రభావం తెలిసిపోతోంది. పూరి జగన్నాథ్ 2003లో రవితేజతో కిక్‌బాక్సింగ్ చేయించి, 2022లో ‘లైగర్’ కోసం మైక్ టైసన్‌నే దింపారు. సినిమా సంగతి ఎలా ఉన్నా జుట్టు మాత్రం నిలబడింది.

అంతకుముందు సాయంత్రం జరిగిన తులాభారాన్ని చెప్పకుండా యుద్ధానికి వెళ్తే పాపం తగులుతుంది. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ నగలన్నీ వేసినా తూగలేదు. ఇక్కడ తిరగేసిన తులాభారం: వీరుడు ఒక్కొక్కటే తీసేస్తాడు. బాంటమ్‌వెయిట్ అంటే 61.2 కిలోలు. యంత్రం ఆ గీత దాటి వంద గ్రాములు చూపించింది. చొక్కా పోయింది, వాచీ పోయింది, మేనమామ ఇచ్చిన వెండి ఉంగరం పోయింది. ముల్లు కదలలేదు. రెండు రోజులుగా గుక్కెడు నీళ్ళకి ముఖం వాచి, మధ్యాహ్నం ఎండలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పరుగెత్తిన ఆ శరీరంలో ఇక పిండడానికి చెమట కూడా లేదు. అప్పుడు ఇద్దరు మిత్రులు తువ్వాలు అడ్డం పట్టారు. ఆ తెర వెనక తులసిదళమంత లాగు జారింది. తక్కెడ సరిపోయింది! దేవతలు పూలవాన కురిపించలేదు గానీ ఎవరో గ్లూకోజ్ ప్యాకెట్ విసిరారు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో మల్లులకు ఏమేం పెట్టి మేపాలో రాశాడు. పెట్టకుండా ఉండడం కూడా మల్లవిద్యే అవుతుందని పాపం ఆయన ఊహించి ఉండడు.

నియమాలు చదివి వినిపించినప్పుడు పురాణపురుషులు ఒక్కొక్కరే అనర్హులై బయటికి పోయారు. కీళ్ళు విరవొచ్చు, గొంతు బిగించొచ్చు, తల వెనక భాగం మీద కొట్టకూడదు. వాలితో పోరాడేటప్పుడు ఎవరెవరో పోల్చుకోవడానికి సుగ్రీవుడి మెడలో గజపుష్పి మాల వేశారు. ఇక్కడ ముంజేతికి ఎర్రటేపు, నీలిటేపు. అంతవరకు బాగానే ఉంది. చెట్టు చాటునుంచి బాణమేయడం మాత్రం బయటివారి జోక్యం కింద లెక్క, సుగ్రీవుడి గెలుపు రద్దు. దుర్యోధనుడి తొడ మీద కొట్టినందుకు బలరాముడు నాగలెత్తాడు. ఈ పంజరంలో తొడ మీద తన్నడమే ప్రథమపాఠం, కాకపోతే గద బయట పెట్టి రావాలి. చేతి తొడుగు ప్రొఫెషనల్లకైతే నాలుగు ఔన్సులు, అంటే 113 గ్రాములు. ఇక్కడివాళ్ళు అమెచ్యూర్లు గనక ఇంకాస్త మందం, రౌండుకి మూడే నిమిషాలు.

నా పక్క కుర్చీలో, కుర్చీన్నరలో అనాలి, ఒక వృద్ధ పైల్వాన్ సాబ్ కూర్చున్నారు. తెల్లటి కుర్తా, నలిగి గట్టిపడ్డ చెవులు. పసుపూ నూనే మజ్జిగా కలిపిన తాలీం మట్టిలో యవ్వనమంతా దొర్లిన మనిషి. మనవడు ఏదో పోరులో ఉన్నాడని వచ్చారు. ఆయన శాస్త్రంలో ఒకటే తీర్పు: వీపు నేలకి ఆనిందా, చిత్. ఆట ముగిసింది. మొదటి పోరులో ఒకడు వెల్లకిలా పడగానే లేచి చప్పట్లు కొట్టి, ఎవరూ ఆపకపోవడంతో నావైపు తిరిగారు.

“మియా, సీటీ ఎందుకు కొడతలేరు? వాడు పడిపోయిండు గదా!”

“ఇందులో పడినా ఓడినట్టు కాదు పైల్వాన్ సాబ్.”

“మరి ఎప్పుడు ఓడతడు?”

జవాబు చెప్పేలోపు రెండో పోరు సగానికి వచ్చింది. అందులో ఒకడి మోచెయ్యి చిక్కింది. చిక్కినవాడు గబగబా ఎదుటివాడి కాలి మీద మూడుసార్లు తట్టాడు. రిఫరీ విడదీశాడు. పైల్వాన్ సాబ్ కళ్ళు తడిశాయి. “చూసినవా బేటా? ఓడిపోతూ గూడ ఎదుటోనికి శాబాషీ ఇచ్చిండు. గీ పోరగాండ్లకు ఎంత తమీజ్!” ఆ కళ్ళలోకి చూసి, అది మెప్పు కాదు, ప్రాణభిక్ష అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. జరాసంధుడికే ఈ మూడు తట్టులు తెలిసి ఉంటే రోజుల తరబడి సాగిన ఆ మల్లయుద్ధం చీలికదాకా వెళ్ళేది కాదు.

ఇక మహాయుద్ధం. ఎర్రమూలన బార్కాస్ కుర్రవాడు, పగలు మందీ హోటల్లో పళ్ళేలు మోసే భుజాలు. నీలిమూలన జనగామ వైపునుంచి బస్సెక్కి వచ్చిన కబడ్డీ ఆటగాడు. ముఖాలకి చందనచర్చ బదులు వాజిలీన్ దట్టంగా పూశారు. మొదటి గుద్దుకి నీలిమూల వాడి దంతకవచం ఊడి, దీపకాంతిలో ఒక్క క్షణం గులాబిరంగు ఉల్కలా వెలిగి, పంజరం అంచున పడింది. రథచక్రం కుంగినప్పుడు కర్ణుడు ఒక్క నిమిషం అడిగాడు, దొరకలేదు. ఇక్కడ అడగకుండానే దొరికింది. రిఫరీ పోరు ఆపి, ఆ రబ్బరు ముక్కని బాటిల్ నీళ్ళతో కడిగించి, పసివాడికి ఉగ్గు పెట్టినట్టు నోట్లో పెట్టాడు. కావ్యలక్షణమైన జలక్రీడ ఇదే.

రెండో రౌండులో కబడ్డీ పనికొచ్చింది. ఎర్రవాడు తన్నబోతే నీలివాడు చీలమండ దొరకబుచ్చుకుని, రైడరుని గీత అవతలే ఆపినట్టు ఆపి, ఎత్తి వేశాడు. పంజరం నేల ధణధణలాడింది. హంసల్లో ఒకటి ఒరిగింది. “చిత్!” అన్నారు పైల్వాన్ సాబ్, ఈసారి కొంచెం సందేహంగా. కిందనున్న ఎర్రవాడు మాత్రం ఇంట్లో మంచమెక్కినవాడిలా తాపీగా ఉన్నాడు. వాడి కాళ్ళు రెండూ నెమ్మదిగా పైకి లేచాయి.

ఇక్కడ వంశవర్ణన తప్పదు, ఎందుకంటే ఆ కాళ్ళు చేయబోయే పనికి సూర్యవంశమంత వంశం ఉంది. ఆదిపురుషుడు జిగోరో కానో, 1882లో టోక్యోలో కొడోకాన్ పెట్టి జూడోని కన్నాడు. ఆ కొడోకాన్‌లో నేర్చిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. మయేదా దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చాడు. కార్లోస్ తమ్ముడు హీలియో, హీలియో సుతుడు రాయిస్. ఆ బక్కపలచని రాయిస్ 1993 నవంబరు 12న డెన్వర్‌లో మొట్టమొదటి యూఎఫ్‌సీలో దిగి, ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసుకున్నాడు. నేల మీద పడ్డవాడే ప్రమాదకరమని లోకానికి అప్పుడు తెలిసింది. రాయిస్ నుంచి యూట్యూబు, యూట్యూబు నుంచి ఈ మందీ హోటల్ కుర్రవాడు.

రెండు మోకాళ్ళు త్రికోణమై, నీలివాడి మెడనీ ఒక చేతినీ కలిపి బంధించాయి. “ఛోడో నక్కో, ఛోడో నక్కో!” అని ఎర్రమూల కోచ్. “నడుము లేపురా, తల పైకెత్తురా!” అని నీలిమూల అన్న, పంజరం వలలో ముక్కు దూర్చి. మంత్రాలోచన అంటే ఇదే, మొత్తం హాలుకి వినబడేలా. నీలివాడు ఒకసారి లేచాడు, ఎర్రవాణ్ణి మోసుకునే లేచాడు, మళ్ళీ కూలాడు. ముఖం వంకాయరంగుకి తిరిగింది. తొడ మీద మూడు తట్టులు.

హాలు దద్దరిల్లింది. పైల్వాన్ సాబ్ మాత్రం లేవలేదు. మీదున్నవాడు ఓడి, కిందున్నవాడు గెలవడం ఆయన లోకంలో గంగ హిమాలయాలెక్కడం లాంటిది. కాసేపు తన మోకాళ్ళవైపు చూసుకున్నారు. అవి ఇక ఏ త్రికోణాలకీ రావు. తర్వాత కుడిచేతిని చూసుకున్నారు. ఆ చెయ్యి ఇంకా వచ్చేట్టే ఉంది.

“బేటా, జర ఇటు రా. నీ గర్దన్ ఒకసారి ఇయ్యి.”

పెద్దమనిషి అడిగితే కాదనలేం. నా మెడా ఒక భుజమూ ఆయన సంకలోకి పోయాయి. రెండో చెయ్యి వచ్చి గడియలా బిగిసింది. ఎక్కడినుంచో బాదంపప్పు వాసన, అత్తరు వాసన, తర్వాత ఏ వాసనా తెలియలేదు. “గిట్లనేనా? రక్తం గిక్కడ ఆగుతదా?” అని శాస్త్రజిజ్ఞాసతో అడుగుతున్నారు. ఆయన మోకాలి మీద మూడుసార్లు తట్టాను.

పైల్వాన్ సాబ్ మురిసిపోయారు. “శుక్రియా బేటా, శుక్రియా,” అంటూ ఇంకొంచెం బిగించారు.