నేను నల్లబండ తొట్టిని

ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు గనులలో పొరలుపొరలుగా పేరుకొనియున్న నల్లబండ నా పుట్టిల్లు. కోట్లాది సంవత్సరములకు పూర్వము ఈ సీమను ముంచియుండిన సముద్రపు టడుగున సున్నము పేరుకొని, బిగుసుకొని ఏర్పడిన శిల యది. అట్లు జలగర్భమున జనించిన నేను, నీటిచుక్కకు మొగము వాచిన కడప నేలపై మరల నీటిని మోయుటకే నియమింపబడితిని. నాలుగు పలకలు నిలువుగాను, ఒకటి అడుగునను పఱచి, సందులను సిమెంటుతో పూడ్చి, ఒంటిమిట్ట కోదండరామాలయమునకు కూతవేటు దూరమున నొక యింటి పెరటిలో నన్ను నిలిపిరి. సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు వెలసిన ఏకశిలానగర మిది; ఇట్టి యూర నావంటి సామాన్య శిలకును ఒక పని దొరకుట నా భాగ్యము.

కొళాయి ప్రతిదినము రాదు. వచ్చినపుడు నింపుకొనవలెను, రానినాటికి దాచుకొనవలెను. వానలు మెండుగా కురియు సీమలలో దోమ గుంటలను, కాలువలను నమ్ముకొనునేమో గాని, కరువు నేలపై అది ఇంటివారు దాచుకొన్న నీటినే నమ్ముకొనును. మనుష్యులు ఎంత పొదుపుగా నీటిని కాపాడుకొందురో, దాని సంతతికి అంత భద్రముగా చోటు దొరకును. ఈ సంగతి నాకు తెలిసినంతగా పెరటిలో మఱెవ్వరికిని తెలియదు. ఏలయన జరుగునదంతయు నా గోడలమీదనే, నా కడుపులోనే.

కాళ్ళపైనను, ఒడలిపైనను తెల్లని చారలు గల దోమ పగటిపూటనే వచ్చును. అది నీటిమట్టమునకు రవంత పైన, తడిసియున్న నా గోడకు ఒక్కొక్కటిగా గ్రుడ్లను అంటించిపోవును. చూచువారికవి మసిరేణువులవలె కనబడును. నీరు తరిగి గోడ యెండినను అవి చావవు. నెలల తరబడి అట్లే పడియుండి, మరల నీరు తాకినంతనే చిట్లును. పిదప వెలువడిన పిల్లలు తోకకొననున్న గొట్టమును నీటిపైకి నిలిపి, తలక్రిందులుగా వ్రేలాడుచు గాలి పీల్చుకొనును. ఎవరైన నామీదికి వంగినచో, ఆ నీడ సోకినతోడనే మెలికలు తిరుగుచు నా అడుగునకు దిగిపోయి, కొంతతడవునకు ఒక్కొక్కటియే పైకి తేలును. ఎండవేడిమి తగినంతగా నున్నచో వారము పదిదినములలో రెక్కలు దాల్చి ఎగిరిపోవును. డెంగీ, చికున్‌గున్యా జ్వరములను ఇంటింటికి మోయునది ఈ చారల దోమయే.

మలేరియా దోమ తీరు వేఱు. దాని పిల్లలు నీటిపై చాపపఱచినట్లు అడ్డముగా పరుండును. ఆ జాతి గుట్టు తెలిసినదియు మన తెలుగుగడ్డమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమ కొక్కింటికి ఒక యణా చొప్పున చెల్లించి, ఆ దోమల పొట్టలను సూక్ష్మదర్శినితో శోధించి, మలేరియా క్రిమిని పొడగాంచెను. 1902లో నోబెల్ బహుమానము నందిన ఆ మహనీయుడు, దోమను గాలిలో వెంటాడుటకంటె అది పుట్టు నీటియొద్దనే అడ్డగింపుడని ఎలుగెత్తి చాటెను. ఆ మాట నాకు మిక్కిలి ప్రియమైనది.

1953లో దేశమంతటను మలేరియా నియంత్రణ కార్యక్రమ మారంభమై ఇంటిగోడలకు డి.డి.టి. చల్లిన పిదప, ఏటేట ఏడున్నర కోట్లుగా అంచనా వేయబడిన జ్వరపీడితుల సంఖ్య 1965 నాటికి లక్షకు దిగినది. అది మహోపకారము, కాదనను. కాని 1976 నాటికి ఆ సంఖ్య మరల అరువది నాలుగు లక్షల కెగబ్రాకినది. మందునకు దోమ అలవాటుపడినది. గోడపై చల్లిన మందు నీటిలో పెరుగు పిల్లలను ముట్టనే ముట్టదు. మాపటివేళ కొట్టమున పిడకలమీద వేపాకు వేసి పొగ పెట్టుటయు అట్టిదే. ఎనుముకు కొంతసేపు ఊరట కలుగును. పొగ చల్లారినంతనే దోమలు మరల మూగును. వీధిలో పొగయంత్రము తిరిగిన రాత్రియు అంతకు మించి జరుగగా నేను చూడలేదు.

నన్ను నమ్ముకొన్న యింటి అవ్వకు నీటిని పారబోయుటయనిన ప్రాణము పోయినట్లుండును. శుక్రవారము నీటితొట్లను ఎండగట్టు ‘డ్రై డే’ యని ఆశా కార్యకర్త వచ్చి, టార్చి వెలుగును నాలోనికి పఱపి అడిగినది:

“అవ్వా, తొట్టి కడిగి ఎన్నాళ్ళాయ?”

“నీళ్ళు పారబోయమంటే ఎట్ల పాపా? కొళాయి రేపొస్తాదో, మన్నాడొస్తాదో!”

“పారబోయొద్దులే. ఆకరి బిందెలు కరేపాకు చెట్టుకు పొయ్యి, ఎనుముకు పెట్టు. అడుగు తేలినాక గోడలు పీచుతో గట్టిగా రుద్దు. రుద్దకుంటే కడిగినా కడగనట్టేవ్వా.”

నా హృదయమునందలి మాటనే ఆ పిల్ల పలికినది. నీరు మార్చినంత మాత్రమున గోడకంటిన గ్రుడ్లు కదలవు. నాటినుండి అవ్వ శుక్రవారము గడప కడిగిన చేతితోనే టెంకాయ పీచును, బూడిదను తీసికొని నా నాలుగు గోడలను తోమును. నిండిన పిదప పాత చీరను రెండు మడతలు వేసి నా మూతికి త్రాటితో బిగించును.

గంబూజియా చేపలను వదలుదుమని ఇంకొకరనిరి. 1928లో ఇటలీనుండి మన దేశమునకు వచ్చిన ఈ చిన్న చేప, దినమునకు నూరుకు మించి దోమపిల్లలను మ్రింగును. వాడుకలేని బావులకును, మూతలేని పెద్ద తొట్లకును అది మేలే. కాని దానిని ఒంటిమిట్ట చెరువులో విడువరాదని నా దృఢాభిప్రాయము. ఊరి చేపల గ్రుడ్లను, పిల్లలను సైతము అది బ్రతుకనీయదు.

నేనొక్కడను శుభ్రముగా నున్న చాలునా? వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప చేతబట్టి భిక్షమెత్తి కోదండరాముని ఆలయమును ఉద్ధరించిన యూర, నేడు అదే టెంకాయ చిప్పలు చైత్రోత్సవముల యనంతరము పెరళ్ళలో వెల్లకిల పడియుండుట చూచిన నా మనసు నొచ్చును. వాన కురిసినంతనే ప్రతి చిప్పయు ఒక చిన్న తొట్టి యగును. నా ప్రక్కనే యున్న రోలును అంతే. మిక్సీ వచ్చిననాటినుండి రోకటిపోటు లేక, గుంటనిండ వాననీటితో పడియున్నది. దానిని బోర్లించుట ఎవరి తరమును కాదు. ఆశా కార్యకర్త మొన్న వచ్చినపుడు దానిలోనికిని టార్చి వేసినది. సాయంకాలమునకు అవ్వ మనుమడు రోటిగుంటను ఇసుకతో పూడ్చెను. పెరటిలోని చిప్పలన్నియు పొయ్యిక్రిందికి పోయినవి. ప్రక్కయింటివారి మేడమీది ప్లాస్టిక్ డ్రమ్ములకు మాత్రము ఇంకను మూతలు లేవు. అవ్వ రేపు వారితో మాటలాడుదునన్నది.