లైటు ఆఖర్న కొనండి

"అన్నా, అవుట్‌డోర్‌కి ఎన్ని వాట్లది తీసుకోమంటావ్?" పెళ్లిళ్ల సీజను దగ్గరపడగానే కుర్ర ఫోటోగ్రాఫర్లు నన్ను అడిగే మొదటి మాట ఇది. ముందు నీడ కొను, తర్వాత బరువు కొను, ఆ తర్వాత మనిషిని చూసుకో, డబ్బులు మిగిలితే లైటు గురించి అడుగు అంటాను. తలకిందుల సలహా అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. అయినా ఇదే చెబుతాను.

మన పెళ్లిలో అసలైన ఆరుబయటి పోర్ట్రెయిట్ ప్రీవెడ్డింగ్ షూట్ కాదు. దానికి జంట మనం రమ్మన్న వేళకు వస్తుంది. అరుంధతీ దర్శనం అలా కాదు. పగటి ముహూర్తమైతే పంతులుగారు పెళ్లికూతురినీ పెళ్లికొడుకునూ మండపం బయటికి తెచ్చి మిట్టమధ్యాహ్నం ఆకాశంలోకి వేలు చూపిస్తారు. తల దించితే బాసికం నీడ కళ్ల మీద పడుతుంది, ఎత్తితే ఎండకి కళ్లు చికిలించుకుపోతాయి. తెల్లటి మధుపర్కాలు మెరుస్తుంటాయి, మొహాలు నల్లగా ఉంటాయి. అంతా కలిపి అర నిమిషం. కొనబోయే ప్రతి వస్తువునూ ఆ అర నిమిషం ముందు నిలబెట్టి చూడండి.

అందుకే మొదట నీడ. రిఫ్లెక్టరు కొన్నప్పుడు లోపల తెల్లటి పలచని గుడ్డ బిగించిన చట్రం ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని సంచిలోంచి తీయనే తీయరు. దాన్ని జంట తలల పైన పట్టిస్తే ఎండ సగానికి పడిపోతుంది, కళ్లు తెరుచుకుంటాయి. ఎండని ఓడించడానికి పెద్ద లైటు మోసుకెళ్లే బదులు ఎండనే తగ్గించారన్నమాట. వెనకున్న గోడ మాత్రం ఎండలోనే ఉంటుంది కాబట్టి మొహాలకు తగ్గిన ఆ కాస్త వెలుగును ఫ్లాషుతో నింపాలి. దానికి చిన్న లైటు చాలు. వెనకాల వేపచెట్టు నీడో మండపం వరండానో దొరికితే ఇంకా తక్కువ చాలు.

లెక్క కావాలంటే చెబుతాను. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టరు 1/200 పెడితే అపర్చరు దాదాపు ఎఫ్/11 దగ్గర ఉంటుంది. ఆ వెలుగుకు దీటుగా నిలవడానికి 600 వాట్ సెకన్ల లైటు కావాలని షాపులో చెబుతారు. నేను లైటును దగ్గరికి జరపమంటాను. రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకు తెస్తే వెలుగు నాలుగింతలవుతుంది. అంటే 200 వాట్ సెకన్ల లైటు, దూరాన ఉన్న 800తో సమానంగా పనిచేస్తుంది. దగ్గరున్న సాఫ్ట్‌బాక్సు మొహానికి పెద్దదై నీడలూ మెత్తబడతాయి. కానీ జంటకు ఒక పక్క నుంచి పెట్టొద్దు. పెళ్లికూతురికి మీటరు దూరంలో ఉన్న లైటు, ఆమెకు అవతల అర మీటరులో నిలబడ్డ పెళ్లికొడుక్కి సగం వెలుగు కూడా ఇవ్వదు. ఇద్దరికీ మధ్యగా, ఎదుట, కాస్త ఎత్తులో ఉండాలి.

బరువు మాట తేలిగ్గా తీసుకోవద్దు. భీమిలి తీరంలో ఒక మధ్యాహ్నం సముద్రపు గాలి నా సాఫ్ట్‌బాక్సును తెరచాపలా పట్టేసింది. స్టాండు పడి ఫ్లాషు ట్యూబు పగిలింది, పెళ్లికూతురి చెల్లెలు రెండడుగుల దూరంలో ఉంది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఇసుక సంచి లేకపోతే ఐదు లీటర్ల నీళ్ల డబ్బా స్టాండుకు వేలాడదీయండి, ఐదు కిలోలు. దానికంటే మేలైనది మనిషి. మోనోపాడ్‌కు లైటు బిగించి కుర్రాడి చేతికిస్తే గాలి ఎటు లాగుతుందో వాడి మణికట్టుకు ముందే తెలుస్తుంది. పంతులుగారు అటు తిరిగితే వాడూ అటు తిరుగుతాడు. లైటుకు దాచిన డబ్బులో సగం వాడి కూలికీ భోజనానికీ పెట్టండి. ఈ మాటకు అందరూ ఎదురుచెబుతారు, నేను వెనక్కి తీసుకోను.

హైస్పీడ్ సింక్ ఉందా అని అడిగి మురిసిపోవద్దు. వెనక మసకబార్చడానికి అపర్చరు తెరిచి షట్టరు పెంచితే ఫ్లాషు బలం బాగా పోతుంది, ఆ ఎండలో మిగిలేది కొంచెమే. దానికి బదులు లెన్సు ముందు మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు పెడితే ఎఫ్/11 కాస్తా ఎఫ్/4 అవుతుంది. ఇక టీటీఎల్ అయితే తెల్లటి మధుపర్కాలను చూసి వెలుగు ఎక్కువైందనుకుని మొహాల్ని చీకటి చేస్తుంది. మాన్యువల్ నేర్చుకోండి. ఎల్‌ఈడీ ప్యానెల్ సంగీత్‌కు ఉంచుకోండి.

పెద్ద లైటుకు ఒక్క గుణం ఒప్పుకుంటాను. దాన్ని పావు బలంలో వాడితే మళ్లీ వెంటనే సిద్ధమవుతుంది, చిన్నది నిండు బలంలో మధ్యమధ్య ఆగుతుంది. ఆ అర నిమిషంలో రెండు సెకన్లంటే చాలా పోయినట్టే. అందుకే నీడ కొనమన్నాను. నీడ ఉంటే చిన్నదాన్నీ సగం బలంలోనే వాడుకోవచ్చు. రెండో లైటు కంటే ముందు రెండో బ్యాటరీ తీసుకోండి, మే నెలలో దాన్ని కారులో వదలకండి.

కొనేముందు లైటును ఒక రోజు అద్దెకు తెచ్చి, పన్నెండింటికి మేడ మీదకు వెళ్లండి. తమ్ముడికి తెల్ల పంచె కట్టి, నుదుటికి ఒక అట్టముక్క కట్టి, ఆకాశంలోకి చూడమనండి. కుర్రాడికి మోనోపాడ్ ఇచ్చి పది ఫోటోలు తీయండి. కిందికొచ్చి పెద్ద స్క్రీను మీద తమ్ముడి కళ్లు మాత్రం చూడండి.