చెలక మేక ఆత్మకథ

కల్వకుర్తి చుట్టుపక్కల చెలకల్లో, అంటే వానను నమ్ముకొని పండే ఎర్ర నేలల్లో, పుట్టి పెరిగిన నల్ల మేక తన కథ చెప్పుకోబూనినప్పుడు అందులో ఒక చిత్రకారునికి పెద్ద చోటే దక్కుతుంది. ఆయన కె. లక్ష్మా గౌడ్. 1940లో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో జన్మించి, హైదరాబాదులో చదివి, 1960ల నడుమ బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద కుడ్యచిత్రణనూ ముద్రణకళనూ అభ్యసించిన ఆయన, ఆ చదువునంతా పల్లె మనుషులకూ చెట్లకూ మేకలకూ అంకితం చేశారు. కల్వకుర్తి ఆయన ఊరు కాకపోయినా, ఆయన గీసిన మేక ఈ మేకకు స్వజాతే కాబట్టి, ఆ చిత్రాల్లో తన కులచరిత్రను వెదుక్కొనే హక్కు దీనికున్నది.

పొద్దెక్కగానే మంద బీళ్లకు మళ్లుతుంది. నేల మీది గడ్డితో తృప్తిపడని మేక వెనుక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లను తుమ్మ మానుకు ఆనించి, ముళ్ల సందుల్లోని ఆకును పెదవులతో ఏరుకొంటుంది. దానికి అందని కొమ్మను కాపరి దోటితో వంచుతాడు. అప్పుడు చెట్టు, మనిషి, మేక ఒకే చోట పెనవేసుకొని కనిపిస్తాయి. లక్ష్మా గౌడ్ చిత్రాలకు ప్రాణం ఈ పెనవేతలోనే ఉన్నది. మనిషి ఒంటిని ఏ గీతతో తీర్చారో ఆకు ఈనెనూ కొమ్ము వంపునూ అదే శ్రద్ధతో తీర్చిన ఆయన చేతిలో మేక ఎన్నడూ మనిషి పక్కన అలంకారంగా మిగలలేదు.

ఆయనకు పేరు తెచ్చిన ప్రక్రియల్లో ఎచింగ్ ముఖ్యమైనది. లోహపు రేకు మీద మైనం వంటి పూత పూసి, సూదిమొనతో ఆ పూతను గీకి, రేకును ఆమ్లంలో ముంచితే, గీకిన చోట మాత్రమే లోహం కరిగి గాడి పడుతుంది. ఆ గాడిలో సిరా నింపి, పైభాగాన్ని తుడిచి, తడి కాగితంతో యంత్రంలో ఒత్తితే బొమ్మ అచ్చవుతుంది. సన్నని గీతలను పక్కపక్కనే పేర్చనిచ్చే ఈ పద్ధతి మేక వెంట్రుకకూ చెట్టు బెరడుకూ ఎంతగా నప్పుతుందో చెప్పనక్కరలేదు.

ఆయన తొలినాళ్ల చిత్రాల్లో దేహవాంఛ దాపరికం లేకుండా కనిపించడం కొందరిని కలవరపరచింది. పోతు వెంటబడడం, ఈనడం, పాలు కుడపడం అందరి కళ్ల ముందే జరిగే మందలో పెరిగిన మేకకు అందులో వింత ఏదీ తోచదు. పల్లె చూసినదాన్నే ఆయన గీశారు.

తరువాతి కాలంలో నీటిరంగులు, మట్టి, కంచు కూడా ఆయన చేతికి లొంగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళావిభాగంలో ఆయన బోధించారు. 2016లో పద్మశ్రీ అందుకొన్నారు.

ఈలోగా చెలక కూడా మారింది. శ్రీశైలం జలాశయపు కృష్ణా నీటిని ఎల్లూరు వద్ద తోడి, అంచెలంచెలుగా పైకెత్తే కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చాక, కాలువ పారిన చోట బీడు సాగులోకి వచ్చి, మేకకు మేత వెదుక్కొనే దారి ఇరుకైంది. నీరు రావడం రైతుకు మేలే, ఆ మేలును మేక కాదనదు. అయితే మనిషికీ చెట్టుకూ తనకూ నడుమ ఉన్న పొత్తు ఇప్పుడు ఏ రూపు తీసుకొంటున్నదో, కాలువ గట్టున పత్తిచేను అంచులో నిలబడిన తన జాతిని చూసి, ఈ తరం చిత్రకారులు గీయాలని అది గట్టిగా కోరుతున్నది.